తేనె కాఫీ

కాఫీ వాసన నాకు పడదు. పడకపోవడమంటే ఏదో కాస్త తలనొప్పి అనుకునేరు. కడుపులో తిప్పి, నోట్లో నీళ్ళూరి, ఏ క్షణాన వాంతి అవుతుందోనని వాకిట్లో కాలవ వైపు చూసుకునేంత. బీరువా కింద ఎలుక చచ్చి మూడు రోజులయ్యాక వచ్చే వాసనకి కాలిన టైరు వాసన కలపండి, అదీ. ఇంకెవరైనా ఈ మాట అంటే ఫర్వాలేదు, టీ తాగి బతికేస్తారు. మార్కాపురంలో ఇరవై ఆరేళ్ళుగా గింజలు వేయించి, పొడి పట్టి అమ్ముకునే అక్తర్ బేగం అనకూడదు. ఆ అక్తర్ బేగం నేనే.

ఒకప్పటి నా ముక్కు గురించి చెప్పుకోవాలి. కాస్త గొప్పలు పోయినా ఓర్చుకోండి. మా ఆయన దస్తగిరి మిషన్ చూసుకునేవాడు, గింజ నేను చూసుకునేదాన్ని. బస్తా మూతి విప్పి, ముఖం లోపల పెట్టి ఒక్కసారి పీలిస్తే చాలు, ఆ గింజ చెట్టు దిగిన దగ్గర్నుంచి దానికి ఏమేం జరిగిందో చెప్పేసేదాన్ని. కాఫీ రుచంతా వేయించడంలో ఉందని చాలామంది అనుకుంటారు. సగం రుచి అంతకు ముందే ఖాయమైపోయి ఉంటుంది. పండు కోశాక తొక్క తీసి, గింజకి పట్టుకున్న జిగురు వదిలేదాకా తొట్టిలో నానేసి, కడిగి ఎండబెడితే దాన్ని మా వ్యాపారంలో ప్లాంటేషన్ అంటారు. దాని రుచి శుభ్రంగా ఉంటుంది, నాలుక పక్కన సన్నగా పులుపు తగులుతుంది. అదే పండుని తొక్క తీయకుండా కళ్ళంలో పరిచి ఎండబెడితే చెర్రీ. గుజ్జులో ఉన్న తీపి అంతా లోపలి గింజ తాగుతుంది. కాఫీ బరువుగా, పాత బెల్లం వాసనతో గొంతు దిగుతుంది. చెట్టూ అదే, కొమ్మా అదే, కాఫీలు మాత్రం రెండు.

పెళ్ళైన కొత్తలో పాడేరు వైపు ఒక తోటకి వెళ్ళాం. అక్కడొక పెద్దావిడ తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు గింజలు తీసి నలిపింది. ఇంకా జారుతుంటే మళ్ళీ లోపల పడేసింది. గరగరమంటే జిగురు వదిలినట్టు, వెంటనే కడిగేయాలి. ఒక్క రాత్రి బద్ధకించారా, గింజ లోపల్లోపలే కుళ్ళుతుంది. ఆ కుళ్ళు కంటికి దొరకదు. గింజ చూడ్డానికి నిగనిగలాడుతూనే ఉంటుంది. వేయించి వేడినీళ్ళు పోసినప్పుడు బయటపడుతుంది, బస్తాలో గుప్పెడుంటే బస్తా మొత్తాన్నీ పాడుచేస్తుంది. దాన్ని ముందుగా పట్టుకోగలిగేది ముక్కు ఒక్కటే. ఇరవై ఏళ్ళకు పైగా నా ముక్కు దాటుకుని అలాంటి గింజ ఒక్కటి కూడా మా వేయించే డ్రమ్ములో పడలేదు.

రెండువేల ఇరవై ఒకటి మే నెలలో మా ఇద్దరికీ జ్వరం వచ్చింది. ఒంగోలు ఆసుపత్రికి ఇద్దరం వెళ్ళాం, తిరిగి నేనొక్కదాన్నే వచ్చాను. దాని గురించి ఇక్కడ రాయను.

ముక్కు మొదట పూర్తిగా పోయింది. నాలుగు నెలలకి వచ్చింది, కానీ పాడై వచ్చింది. నిమ్మకాయ నిమ్మకాయలాగే ఉంది. వేయించిన ఉల్లిపాయ మురుగ్గుంట అయింది. బక్రీదుకి మా తమ్ముడింటి నుంచి బిర్యానీ వస్తే, గిన్నె మూత తీయకుండానే పక్కింటికి ఇచ్చేసి తలుపేసుకున్నాను. అన్నిటికంటే ఘోరం కాఫీ. "వస్తుందమ్మా, ఓపిక పట్టాలి," అన్నాడు డాక్టరు. లవంగాలూ నిమ్మతొక్కా రోజూ వాసన చూడమన్నాడు. లవంగాలు డబ్బాలకు డబ్బాలు అయిపోయాయి. ఆ చచ్చిన ఎలుక మాత్రం ముక్కులోంచి కదల్లేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం చేయను? మనిషీ పోయె, ముక్కూ పోయె అని జాలిపడతారు. జాలంటే నాకు ఆ కంపు కంటే అసహ్యం. అందుకని మాస్కు లోపల బామ్ రాసుకుని, రోజుకి తొమ్మిది గంటలు చచ్చిన ఎలుక కడుపులో కూర్చున్నట్టు అంగడిలో కూర్చున్నాను. గింజని కంటితో చూడ్డం నేర్చుకున్నాను. గింజ మధ్యలో గీత ఉంటుంది చూశారా, కడిగిన గింజ వేగాక ఆ గీత తెల్లగా తేలుతుంది, చెర్రీలో అయితే మట్టిరంగులో ఉండిపోతుంది. గింజ వేగేటప్పటి చిటపటలు చెవితో పట్టుకున్నాను. మిగతాది గడియారం చూసి సరిపెట్టాను. "ఈసారి రవ్వంత మాడినట్టుంది గదక్కా," అని ఎవరైనా నసిగితే, "డికాక్షన్ చిక్కగా దిగుతాది, తాగి చూడు," అని దబాయించాను. జనం తలూపి పట్టుకెళ్ళారు. భలే నెగ్గుకొస్తున్నాను అనుకున్నాను.

ఏడాదిన్నర ఇలాగే నడిచింది. అప్పుడొచ్చాడు ఉమామహేశ్వర్లు.

పొదిలిలో ఉంటాడు, పన్నెండేళ్ళుగా మాకు గింజ వేసేది అతనే. నుదుటి మీద విభూతి, నోట్లో ఎప్పుడూ అక్కా అన్న పిలుపు. ఆటోలోంచి నాలుగు బస్తాలు దింపించి, ఒకదాని మూతి తనే విప్పాడు.

"చూడక్కా," అన్నాడు.

ఊపిరి బిగపట్టి ముఖం లోపల పెట్టాను. మనసులో అయిదు దాకా లెక్కపెట్టుకుని బయటికి తీశాను. "బాగుంది మహేశ్వర్లన్నా. ప్లాంటేషనే గదా?"

అతను నా ముఖంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు. "ప్లాంటేషన్ కాదక్కా, హనీ. ఇప్పుడు హైదరాబాదులో అందరూ ఇదే అడుగుతాండారు. నీ ముక్కుకి తెలియకుండా ఉంటాదా!"

హనీ గురించి విన్నాను. తొక్క తీస్తారు గానీ జిగురు కడగరు, ఆ జిగురుతోనే ఎండబెడతారు. తేనెలా అంటుకుంటుంది కాబట్టి ఆ పేరు, తేనెటీగకీ దానికీ ఏ సంబంధమూ లేదు. రుచి ప్లాంటేషన్‌కీ చెర్రీకీ మధ్యలో ఎక్కడో మెత్తగా ఉంటుందట. జిగురు ఎండిన గింజ పసుపుపచ్చగా మరకలు మరకలుగా ఉండాలి. గుప్పెడు తీసి చూశాను. ఒక్క మరక లేదు. కడిగిన గింజ, నీలం తిరిగిన ఆకుపచ్చ. వీడు అబద్ధమాడుతున్నాడని నా కన్ను చెప్పేసింది. ఎందుకు ఆడుతున్నాడో చెప్పాల్సింది ముక్కు. బాగుందని అప్పటికే నోరు జారాను. ఇప్పుడు అడ్డం తిరిగితే, మరి ఇందాక ఏం చూశావని అడుగుతాడు.

"అదే అనుకున్నా. తీపి వాసన తెలుస్తానే ఉంది," అన్నాను.

తౌబా. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దానికి తోడు ఇంకో తెలివితక్కువ పని చేశాను. హనీ అంటే మన జనానికి ఏం తెలుస్తుందని, పలక మీద చాక్‌పీసుతో కొత్త రకం తేనె కాఫీ అని రాసి వాకిట్లో తగిలించాను. నల్లమల పక్కన కాపురముండే జనం ముందు తేనె అనే మాట రాశాక ఊరుకుంటారా? మొదట వచ్చింది యాకోబు, రిటైరైన బస్సు కండక్టరు. నలుగుర్లో మాట్లాడితే తప్ప తోచని మనిషి.

"తేనె యర్రగొండపాలెందా అక్కా, డబ్బాదా?"

"తేనె కలపలేదన్నా. అది రకం పేరు."

"కలపకుండా పేరెందుకు రాసినావు? కల్తీ అని బోర్డు మీద రాసుకున్న అంగడి ఈ జిల్లాలో నీదొక్కటే."

జనం పడీపడీ నవ్వారు. తనకి సుగరుందనీ, ఈ జన్మకి ఆ పొడి ముట్టననీ చెప్పి అతను మామూలు పొడి తీసుకెళ్ళాడు. మర్నాడు ఒకావిడ మనవడి దగ్గుకి తేనె కాఫీ కావాలని వచ్చింది. తేనెటీగ ముల్లు పంటికింద పడితే ఎవరిది బాధ్యత అని ఇంకొకాయన. తిట్టలేక చచ్చాను. అయినా పొడి మాత్రం కదిలింది. వారం తిరిగేసరికి మామూలు గింజ అడుగంటింది, అడిగినా అడక్కపోయినా అందరికీ తేనె కాఫీయే కట్టి ఇచ్చాను.

ఆ వారమే రామతులసమ్మ టీచరమ్మ వచ్చింది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. పొద్దున ఆరింటికీ సాయంత్రం నాలుగింటికీ గడియారం పెట్టినట్టు కాఫీ తాగుతుంది. మా అంగడి తెరిచిన ఏడాది నుంచీ మా పొడే. పొట్లం విప్పి కౌంటరు మీద పెట్టింది.

"అక్తరూ, ఇది వాసన చూడు."

"ఏమైంది టీచరమ్మా?"

"ఏమైందా? కుళ్ళు కంపు కొడతాంది. నిన్న డికాక్షన్ తీస్తే ఇల్లంతా అదే. కిటికీలన్నీ తెరిచి పెట్టినా పోలే."

కౌంటరు దగ్గర అయిదుగురున్నారు. అయిదుగురూ అయిదు వైపులకి చూశారు. పొట్లం నా ముక్కుకి జానెడు దూరంలో ఉంది, ఎప్పుడూ కొట్టే కంపే కొడుతోంది. నాకు మంచిదీ అంతే, చెడ్డదీ అంతే. ఆమె నిజం చెబుతోందో లేదో నాకు తెలీదు. తెలీదని ఒప్పుకోవాల్సిన చోట నోరు చేసుకున్నాను.

"ఇది హనీ టీచరమ్మా. చికోరీకి అలవాటు పడిన నోటికి మంచి కాఫీ కంపే అనిపిస్తాది. అయినా డెబ్బై దాటినాక ముక్కు యాడ పనిచేస్తాదిలే."

ఆమె నా వైపు కాసేపు చూసింది. తప్పు లెక్క చేసి చెరపనని మొండికేసిన పిల్లని చూసినట్టు చూసింది. "సరే," అని పొట్లం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

వెనకున్న యాకోబు గొంతు సవరించుకున్నాడు. "నాకు పావుకిలో తేనె కాఫీ ఇయ్యక్కా," అన్నాడు గట్టిగా, వీధికంతా వినపడేలా. మిగతా వాళ్ళూ తలా ఒకటి తీసుకున్నారు. చూశావా టీచరమ్మా, ఇంతమంది నోళ్ళు తప్పా అని లోపల పొంగిపోయాను. నామీద నాకు అసహ్యం వేసే క్షణాలు చాలా ఉన్నాయి గానీ, ఆ పొంగుని మించింది లేదు.

తొమ్మిది రోజుల తర్వాత మున్సిపాలిటీలో పనిచేసే రాఘవమ్మ చెత్తబండి మా అంగడి ముందు ఆపి, ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి ఇచ్చింది.

"ఇవి మీయే గదమ్మా? చెత్తలో పారేసినారు. కొన్నిటికి పిన్ను కూడా తీయలే. మంచి పొడి మన్నులో కలపడం ఎందుకని ఏరి తెచ్చినా."

సంచి బోర్లించాను. పదకొండు పొట్లాలు. ఒకదానికి సాంబారు మెతుకులు, ఒకదానికి కోడిగుడ్డు పెంకు, ఇంకోదానికి ఏదో పసిబిడ్డ గుడ్డ తాలూకు తడి. మా అంగడిలో ఎవరి పొట్లం మీద వాళ్ళ పేరు రాసిస్తాం. పొడిలో కలిపే చికోరీ వంతు ఒక్కొక్కరికి ఒక్కో రకం, మారిపోకుండా ఉండాలని. పేర్లన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. సునీత ఒకటి, నాగలక్ష్మి రెండు, శ్యాంసన్ మాస్టారు ఒకటి, ఇంకెవరెవరివో నాలుగు, యాకోబువి మూడు. యాకోబువి మూడూ విప్పనివే.

నాకు అర్థం కావడానికి ఎంతసేపో పట్టలేదు. వాళ్ళు కొన్నారు, ఇంటికి తీసుకెళ్ళి పారేశారు, మళ్ళీ వచ్చి కొన్నారు. నా ముందు నిలబడి బాగుందక్కా అన్నారు. ఊరందరికీ తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో తెలీదు గానీ తెలుసు. నేను దాచిన దాన్ని వీళ్ళు నా దగ్గర దాస్తున్నారు.

ఉమామహేశ్వర్లుకి ఫోన్ చేశాను. "ఆ గింజ కుళ్ళిందన్నా. తొట్టిలో మురగబెట్టిన సరుకు. కంపు కొడితే కొత్త రకం వాసన అనుకుంటారని హనీ అని అంటగట్టినావు."

"అట్లంటావేందక్కా? నువ్వే గదా మొహం పెట్టి చూసి బాగుందంటివి? నీ ముక్కు పోయిన సంగతి నాకెట్ల తెలుస్తాది?"

ముక్కు మాట నేను ఎత్తనే లేదు. ఆ సంగతి అతనికీ స్ఫురించినట్టుంది, లైన్ కట్టయింది.

అంటే నా ముక్కు పోయిందని వీడికీ తెలుసు, ఊరికీ తెలుసు. వాడు దాన్ని అడ్డం పెట్టుకుని కుళ్ళు అమ్మాడు. వీళ్ళు దాన్ని చూసి జాలిపడి కుళ్ళు కొన్నారు. రెండిట్లో ఏది ఎక్కువ రోతో ఆ రోజు నాకు తేలలేదు. ఈ రెండిటి మధ్యా కూర్చుని, తెలిసి తెలిసీ కుళ్ళు పొట్లాలు కట్టింది నేను. నా కన్ను చెప్పింది కదా! కడిగిన గింజని తేనె అన్న పూటే నాకు తెలుసు. వాళ్ళందరికంటే రోత నేనే. కాలవ దగ్గర కూర్చుని వాంతి చేసుకున్నాను. ఆ రోజు వాంతి కాఫీ వల్ల కాలేదు.

పట్టపగలు షట్టరు దించి, రెండు పొట్లాలు సంచిలో వేసుకుని టీచరమ్మ ఇంటికి నడిచాను. ఒకటి ఆ గింజది, ఇంకోటి డబ్బా అడుగున మిగిలిన పాత ప్లాంటేషన్‌ది. ఆమె వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేనే మెట్టు మీద కూర్చున్నాను.

"అక్కా, నా ముక్కు చచ్చిపోయింది," అన్నాను. ఇన్నాళ్ళూ టీచరమ్మా అని పిలిచేదాన్ని, ఆ పూట అక్కా అని వచ్చింది. "కరోనా అప్పుడే పోయింది. ఏది వాసనో ఏది కంపో నాకు తెలీదు."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"పోయిన ఉగాదికి ముందు మాడ్చి ఇచ్చినావే, బొగ్గు మాదిరి. ఘుమఘుమలాడతా ఉంది చూడమని నా ముక్కు కాడ పెట్టినావు. ఆ రోజే తెలిసిపాయె. వీధంతా తెలుసు."

"మరి ఒక్కరన్నా చెప్పరాదా? అందరూ బాగుంది బాగుంది అని..."

"నీ మొగుడు పోయి ఏడాది కాలే. ముక్కు కూడా పాయె గదా అని ఏ నోటితో చెప్తారు? అట్లనే తాగినాము." ఈనె తీసి పక్కన వేసింది. "మాడింది తాగొచ్చు అక్తరూ. కుళ్ళింది తాగలేము."

"అయితే నువ్వెందుకు చెప్పినావు?"

"ముప్పై నాలుగేళ్ళు పిల్లకాయల లెక్కలు దిద్దినా. తప్పని తెలిసి టిక్కు పెట్టడం నా చేత కాదు."

ఆ రోజు నేనన్న మాటకి క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "అది నా ఒక్కదాని ముందర అడిగితే ఎట్ల? నలుగురి ముందర అన్నావు, నలుగురి ముందరే అడుగు. నీ ముక్కు సంగతి కూడా కౌంటరు కాడ నిలబడి నువ్వే చెప్పాల. ఆ కుళ్ళు గింజంతా బయట పారేయాల. అట్లయితే కొత్త గింజ వచ్చినప్పుడల్లా వచ్చి చూసి పోతా. దాయాలంటే మాత్రం నన్ను పిలవొద్దు."

ఇలా నిలబెట్టి మాట్లాడితే నాకు మామూలుగా ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మండలేదు. ఏడాదిన్నరలో జాలిపడకుండా నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

"చెప్తా. రేపు పొద్దున్నే చెప్తా," అన్నాను.

సంచిలోంచి మొదటి పొట్లం తీసి ఇచ్చాను. ఆమె విప్పీ విప్పగానే తల వెనక్కి లాక్కుని, పొట్లం మడిచి దూరంగా నెట్టేసింది. "ఇదే. రామ రామ, ఇల్లంతా కొట్టింది ఈ కంపే." రెండోది విప్పింది. దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, నేను ఒకప్పుడు పీల్చినట్టే నిండుగా పీల్చింది. ముఖంలో గీతలన్నీ వదులయ్యాయి.

"ఇది కాఫీ," అంది.

ఆ పొట్లం నుంచి కూడా నాకు అదే ఎలుక, అదే టైరు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఎట్లుంది అక్కా?"

"ఎట్లుండేదేంది? కాఫీ వాసన."

"అదే అడుగుతాండా. కాఫీ వాసన ఎట్లుంటాది? నాకు గుర్తు లేదు. ఎంత తలుచుకున్నా రావడం లేదు."

ఆమె చేతిలో చిక్కుడుకాయ పళ్ళెంలో పడింది. లెక్కల మనిషి, ఇలాంటివి చెప్పడం ఆమెకి రాదు. బెల్లం అని మొదలుపెట్టి, కాదు అని తనే కొట్టేసుకుంది. మళ్ళీ పొట్లం వాసన చూసింది.

"ఎండాకాలం సెలవులకి పుట్టింటికి పోయి వస్తామా. బస్సు దిగి, సామాను మోసుకుంటా మీ వీధి మొగదలకి వచ్చేసరికి గాలికి తగులుతాది. ఇల్లొచ్చేసింది, ఇంక నాలుగడుగులే అనిపిస్తాది. అట్లుంటాది."

కొంగు నోటికి అడ్డం ఉండగానే ఏడ్చాను. మా ఆయన పోయినప్పుడు కూడా ఎవరి ముందూ అలా ఏడవలేదు.

"ఇంకొకసారి చెప్పక్కా," అన్నాను.